వేసవి సెలవుల ముందు, బడి తెరిచే లోపు: ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లల తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ప్రాథమిక బడికి పిల్లల్ని పంపే ఇళ్ల కోసం ఇది. మా సలహా ఒక్కటే: కాగితాల పని ఏప్రిల్‌లో ముగించండి, చదువు పని మేలో పెట్టుకోండి, జూన్‌కి ఏదీ మిగల్చకండి. జూన్ మొదటి వారంలో హెచ్‌ఎం గది దగ్గర, మీసేవలో, ఆధార్ కేంద్రంలో ఊరంతా ఒకేసారి వచ్చి నిలబడుతుంది.

బడి ఎప్పటిదాకా ఉంటుంది? మళ్లీ ఎప్పుడు తెరుస్తారు?

మామూలుగా మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు, ఏప్రిల్ 23 చివరి పనిదినం, జూన్ 12న పునఃప్రారంభం. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా ఇచ్చారు. ఎండలు బాగా ముదిరితే తేదీలు జరుగుతాయి కాబట్టి రైలు టికెట్లు తీసుకునే ముందు ఆ ఏడాది ప్రకటన చూసుకోండి. ప్రైవేటు బడుల్లో కొన్ని మార్చిలోనే పరీక్షలు ముగించి, ఏప్రిల్‌లో పై తరగతి పాఠాలు మొదలుపెడతాయి. ఊరికి వెళ్లే తేదీ అనుకునే ముందు ఆ సంగతి కూడా అడగండి.

ఒంటిపూట బడి మధ్యాహ్నం పన్నెండున్నరకి వదులుతారు. ఆ ఎండలో పిల్లలు ఎలా వస్తారు?

నిజానికి ఒంటిపూట బడిలో కష్టమంతా ఆ తిరుగు ప్రయాణంలోనే ఉంది. ప్రభుత్వ బడిలో భోజనం పెట్టాకే పంపుతారు. తిని, సీసా నింపుకుని బయల్దేరమనండి. ఇంటి నుంచి తెచ్చిన నీళ్లు పదిన్నరకల్లా అయిపోతాయి. పొద్దున ఏడున్నరకి చాలామంది ఏమీ తినకుండా వస్తారు, తొమ్మిదయ్యేసరికి కళ్లు తిరిగి పడేది వాళ్లే. ఇడ్లీ చేసే తీరిక లేకపోతే చద్దన్నంలో పెరుగు కలిపి పెట్టండి, అదీ కుదరకపోతే రెండు అరటిపళ్లు. ఆటోలో పంపేవాళ్లు డ్రైవర్ పక్కన కూర్చోబెట్టవద్దని గట్టిగా చెప్పండి.

ఏడాది చివరి పరీక్ష ఎస్‌ఏ–2లో మార్కులు తక్కువొస్తే ఫెయిల్ చేస్తారా?

రెండు రాష్ట్రాల బడుల్లో ప్రాథమిక తరగతుల పిల్లల్ని పై తరగతికి పంపుతున్నారు. కేంద్రీయ విద్యాలయాల వంటి కేంద్ర ప్రభుత్వ బడుల్లో మాత్రం 2024 డిసెంబరు నుంచి నిబంధన మారింది. ఐదులోగానీ ఎనిమిదిలోగానీ తప్పితే రెండు నెలల్లోపు మళ్లీ పరీక్ష పెడతారు, అందులోనూ తప్పితే అదే తరగతిలో ఉంచవచ్చు. అలాగని బడి నుంచి తీసేయడానికి ఎవరికీ వీల్లేదు.

ఎలాగూ పాస్ చేస్తారు కదా అని పరీక్షకు పంపకపోవడం తప్పు. వచ్చే ఏడాది టీచర్‌కి మీ పిల్లాడి గురించి తెలిసేది ఆ జవాబు పత్రంతోనే.

ప్రోగ్రెస్ కార్డు ఇచ్చే రోజు టీచర్‌ని ఏం అడగాలి?

"మావాడు ఎలా చదువుతున్నాడు సార్?" అని అడిగితే "పర్లేదమ్మా, కొంచెం అల్లరి తగ్గించాలి" అనే జవాబొస్తుంది. దాంతో సెలవుల్లో చేయగలిగింది ఏమీ లేదు. ఇలా అడగండి: "తెలుగులో ఏ ఒత్తుల దగ్గర ఆగుతున్నాడు?" "తీసివేతలో అప్పు తెచ్చుకోవడం వచ్చా?" "ఎక్కాలు ఎన్నింటిదాకా వచ్చు, వరసగానా, మధ్యలోంచి అడిగినా చెబుతాడా?" "బోర్డు మీద రాసింది కనపడుతోందా?" చివరి ప్రశ్న మరవకండి. ముందు బెంచీకి మార్చాకే బాగా రాస్తున్నాడంటే కంటి పరీక్ష చేయించాలి, అందుకు సెలవులే మంచి అదను. జవాబు పత్రాలు చూపించమని కూడా అడగండి. గ్రేడులో కనపడనివి వాటిలో దొరుకుతాయి.

ఐదో తరగతి అయిపోయింది. టీసీ అడిగితే రికార్డు షీటు అంటున్నారు. అదేమిటి?

ప్రాథమిక పాఠశాల ఇచ్చేది రికార్డు షీటు, ఉన్నత పాఠశాల ఇచ్చేది టీసీ. ఆరో తరగతిలో చేరడానికి రికార్డు షీటు చాలు. అయితే అది చేతికి రాగానే మడిచి జేబులో పెట్టుకోకండి, అక్కడే నిలబడి చదవండి.

ముందు పుట్టిన తేదీ. అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాస్తారు, రెండూ ఒకటేనా చూడండి. చేర్పించేటప్పుడు జనన ధ్రువపత్రం ఇవ్వని పిల్లలకు అప్పట్లో ఉజ్జాయింపుగా జూన్ ఒకటో తేదీ వేసి ఉండొచ్చు. తర్వాత పేరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, బడి రికార్డులో ఒక్క పొడి అక్షరమే ఉండటం ఎక్కువగా కనిపించే తేడా. ఇంగ్లిష్ స్పెల్లింగు ఇంకో చిక్కు: లక్ష్మి అనే పేరు ఒకచోట కే–ఎస్–హెచ్‌తో, ఇంకోచోట ఎక్స్‌తో ఉంటుంది. కంప్యూటర్‌కి ఆ ఇద్దరూ వేరే మనుషులు. తల్లి పేరు, కులం, రెండు పుట్టుమచ్చలు, అడ్మిషన్ నంబరు, "ఆరో తరగతికి ప్రమోట్" అన్న మాట, హెచ్‌ఎం సంతకం, ముద్ర కూడా చూసుకోండి.

తప్పుంటే జనన ధ్రువపత్రం జిరాక్సు జతచేసి అర్జీ రాసి హెచ్‌ఎం గారికి ఇవ్వండి. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) వెళ్లాక ఇదే తప్పు దిద్దించుకోవాలంటే కాళ్లరిగేలా తిరగాలి.

అసలు కాగితం కొత్త బడికి ఇచ్చేసే ముందు రెండు జిరాక్సులు తీయించి, ఫోన్‌లో ఫొటో కూడా పెట్టుకోండి. స్టడీ సర్టిఫికెట్ కూడా ఇప్పుడే అడిగి తీసుకోండి. తెలంగాణలో ఉద్యోగ నియామకాలప్పుడు స్థానికత తేల్చడానికి ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివారో చూపమంటున్నారు. మూతపడిన ప్రైవేటు బడి కాగితాల కోసం ఇరవై ఏళ్ల తర్వాత ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లు ఎందరో.

ఫీజు బాకీ ఉందని ప్రైవేటు బడి టీసీ ఇవ్వడం లేదు. ప్రభుత్వ బడిలో చేర్చుకుంటారా?

చేర్చుకోవాలి. విద్యాహక్కు చట్టం, 2009 సెక్షన్ 5 ప్రకారం అడిగిన వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందన్న కారణంతో ప్రభుత్వ, ఎయిడెడ్ బడులు ప్రవేశం ఆపకూడదు. వయసు రుజువు లేదన్న కారణంతోనూ కాదనకూడదు. మీరు చేయాల్సింది: టీసీ కోరుతూ రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, నకలు మీద తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, ఒక కాపీ మండల విద్యాధికారికి ఇవ్వండి. నోటిమాటగా ఎన్నిసార్లు అడిగినా లెక్కలోకి రాదు. బాకీ బాకీగానే ఉంటుందన్నది కూడా గుర్తుంచుకోండి, చట్టం ఆపేది పిల్లాడి చదువును అడ్డుపెట్టి వసూలు చేయడాన్ని.

కొత్త బడిలో "మీ పాప ఇంకా పాత బడిలోనే చూపిస్తోంది" అన్నారు. ఎందుకు?

యూడైస్ ప్లస్ అంటే బడుల, విద్యార్థుల వివరాలుండే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు. అందులో ప్రతి విద్యార్థికీ 11 అంకెల పెన్ (శాశ్వత విద్యార్థి సంఖ్య) నంబరు ఉంటుంది. బడి మారినప్పుడు పాత బడి ఆ పేరును అందులోని డ్రాప్‌బాక్స్‌లోకి, అంటే బడి వదిలినవాళ్ల జాబితాలోకి పంపాలి, అప్పుడే కొత్త బడి దాన్ని దిగుమతి చేసుకోగలదు. టీసీ చేతికిచ్చి ఈ ఆన్‌లైన్ పని మరిచిపోవడం చాలా సాధారణం. అందుకే రికార్డు షీటు తీసుకునే రోజే "పెన్ నంబరు రాసివ్వండి, డ్రాప్‌బాక్స్‌లో పెట్టారా?" అని అడగండి. పేరు దిగుమతి కాలేదని కొత్త బడి మరో కొత్త పెన్ పుట్టిస్తే ఒకే పిల్ల రెండుచోట్ల కనిపిస్తుంది, పథకాలన్నీ అక్కడే ఆగుతాయి. అపార్ అనే విద్యార్థి గుర్తింపు సంఖ్య 12 అంకెల వేరే నంబరు, దానికి మీ సమ్మతి పత్రం కావాలి. ఆధార్, బడి రికార్డు కలవకపోతే అది తయారు కాదు.

ఆధార్‌లో మళ్లీ వేలిముద్రలు ఎందుకు అడుగుతున్నారు?

అయిదేళ్లలోపు తీసిన బాల ఆధార్‌లో వేలిముద్రలు, కంటిపాప ఉండవు. అయిదేళ్లు నిండాక ఒకసారి, పదిహేను నిండాక ఒకసారి ఇవ్వడం తప్పనిసరి. ఐదు నుంచి ఏడేళ్ల మధ్య చేయిస్తే ఉచితం. ఏడు నుంచి పదిహేనేళ్ల వాళ్లకు 2025 అక్టోబరు 1 నుంచి ఏడాది పాటు రుసుము తీసేశారు. ఏడేళ్లు దాటినా చేయించకపోతే కార్డు నిలిపివేయవచ్చు. వెళ్లే ముందు పిల్లల చేతికి గోరింటాకు పెట్టకండి, ముద్ర పడక తిప్పి పంపుతారు.

తల్లికి వందనం డబ్బులు పక్కింటివాళ్లకి పడ్డాయి, మాకు పడలేదు. ఏం చూడాలి?

ఇది ఆంధ్రప్రదేశ్ పథకం. 2025 జూన్‌లో ఒక్కో విద్యార్థికి 15,000 రూపాయలకుగాను 2,000 బడి నిర్వహణకు మినహాయించి 13,000 తల్లి ఖాతాలో వేశారు. ఆగిపోవడానికి ఎక్కువగా కారణం తల్లి బ్యాంకు ఖాతా ఎన్‌పీసీఐలో (జాతీయ చెల్లింపుల సంస్థ) ఆధార్‌తో కలిసి లేకపోవడం. బ్యాంకు పుస్తకం మీద ఆధార్ నంబరు ఉన్నంత మాత్రాన ఈ అనుసంధానం అయినట్టు కాదు, బ్యాంకుకు వెళ్లి "ఎన్‌పీసీఐ మ్యాపింగ్ ఉందా?" అని ఆ మాటే అడగాలి. రెండు ఖాతాలుంటే చివరగా ఏది అనుసంధానమైతే దాంట్లో పడుతుంది, కాబట్టి పాత ఖాతా కూడా చూడండి. మిగతా కారణాలు, అంటే ఇంటి మ్యాపింగ్ (కుటుంబంలో ఎవరెవరున్నారన్న నమోదు), విద్యుత్ యూనిట్లు, హాజరు లాంటివి సచివాలయంలో తెలుస్తాయి.

గురుకులం, నవోదయ దరఖాస్తులు సెలవుల్లో పెట్టుకోవచ్చా?

అప్పటికే ఆలస్యం. పెద్దవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. గురుకులాల్లో ప్రవేశం చాలావరకు ఐదో తరగతిలో మొదలవుతుంది, అంటే దరఖాస్తు పెట్టాల్సింది పిల్లాడు నాలుగులో ఉండగా. తెలంగాణలో టీజీసెట్ అనే ప్రవేశ పరీక్షకూ, ఆంధ్రప్రదేశ్‌లో అంబేడ్కర్ గురుకులాలకూ ఏపీ రెసిడెన్షియల్ బడులకూ వేర్వేరు ప్రకటనలు వేసవికి ముందే వస్తాయి. మోడల్ స్కూళ్లు, కస్తూర్బా బాలికా విద్యాలయాలు ఆరో తరగతి నుంచి.

నవోదయ పరీక్ష ఐదో తరగతి చదువుతుండగా ఒక్కసారే రాయాలి. ఏ జిల్లా సీటు కావాలో ఐదో తరగతి ఆ జిల్లాలోనే చదువుతూ ఉండాలి. పరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు: మానసిక సామర్థ్యం 40 ప్రశ్నలు, లెక్కలు 20, భాష 20. తప్పు జవాబుకు మార్కు కోత లేదు, కాబట్టి ఖాళీ వదలకూడదు. సగం మార్కులు బొమ్మల ప్రశ్నలవే. నాలుగు పూర్తయిన పిల్లలు ఈ వేసవిలో రోజూ పది బొమ్మల ప్రశ్నలు చేస్తే చాలు, కోచింగ్ సెంటర్ అవసరం రాదు.

సెలవుల్లో రోజుకు ఎంతసేపు చదివించాలి?

ఒకటి, రెండు తరగతులకు అరగంట, మూడు నుంచి ఐదుకి ముప్పావుగంట. పొద్దున ఎనిమిదిలోపు అయిపోవాలి. వారానికి ఐదు రోజులు. పుస్తకం మొత్తం తిరిగి రాయించడం దండగ, చేతులు నొప్పి పుట్టడం తప్ప ఏమీ రాదు. చదవడం పదిహేను నిమిషాలు, లెక్కలు పది, మిగిలింది పిల్లలకు నచ్చిన రాత: కిరాణా చీటీ, తాతయ్యకు ఉత్తరం, అమ్మమ్మ చెప్పిన కథ.

తెలుగు సరిగా చదువుతోందో లేదో ఇంట్లో ఎలా తెలుస్తుంది?

చదివేసిన పాఠం ఇవ్వకండి, అది కంఠతా వచ్చి ఉంటుంది. ముందెప్పుడూ చూడని పేరా ఇచ్చి ఫోన్‌లో ఒక నిమిషం పెట్టండి. కేంద్రం చిన్న తరగతుల చదువు కోసం నడిపే నిపుణ్ భారత్ లక్ష్యాల్లో రెండో తరగతి చివరికి నిమిషానికి 45–60 మాటలు, మూడో తరగతికి కనీసం 60 అని పెట్టుకుంది. తెలుగులో మాటలు పొడుగు, అతుక్కునీ ఉంటాయి, కనుక ఆ అంకెని వేదంలా పట్టుకోవద్దు. నిమిషం అయ్యాక "ఏం జరిగింది చెప్పు" అని అడగండి. చెప్పగలిగితే వేగం తక్కువైనా ఇబ్బంది లేదు.

ఆగుతుంటే ఎక్కడ ఆగుతోందో రాసుకోండి. గుణింతం "క కా కి కీ" అని పాటలా వరసగా వచ్చి, మధ్యలో "కొ" మీద వేలు పెడితే తెల్లమొహం వేసే పిల్లలు చాలామంది. అలాంటప్పుడు వరస వదిలేసి పదహారు గుణింతాక్షరాలు చీటీలుగా కత్తిరించి కలిపి ఆడించండి. మ–య, ప–ష–వ, ద–ధ, బ–భ జంటలు తారుమారు అవుతుంటే జంటగానే నేర్పాలి, విడివిడిగా కాదు. ఒత్తుల్లో "అమ్మ, అక్క" వచ్చేస్తాయి. వేరే అక్షరం కిందికి వచ్చే "పద్యం, చంద్రుడు, కార్యం" దగ్గర తడబాటు. "రాష్ట్రం" లాంటివి చివరికి. రోజుకు ఒక్క ఒత్తు, దాంతో ఐదు మాటలు, వాటితో ఒక వాక్యం.

తీసివేతలు తప్పులు పోతున్నాయి. ఎన్ని చేయించినా అంతే.

ఎక్కువ చేయిస్తే తప్పు గట్టిపడుతుంది. ముందు ఏ తప్పో చూడండి. 502 – 187 ఇస్తే 485 అని రాశాడనుకుందాం. అజాగ్రత్త కాదు, అతనికి ఒక నియమం ఉంది: ఏ వరసలోనైనా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేయ్. 7లోంచి 2 తీసి 5, 8లోంచి సున్నా తీసి 8, 5లోంచి 1 తీసి 4. సొంత తర్కం ప్రకారం తప్పేమీ లేదు.

విరుగుడు డబ్బులు. ఐదు వంద నోట్లు, రెండు రూపాయి బిళ్లలు చేతికిచ్చి "187 రూపాయలు ఇవ్వు" అనండి. ఏడు రూపాయలు ఇవ్వడానికి బిళ్లలు చాలవు, పది నోటు లేదు. ఒక వంద మార్చుకోక తప్పదు: పది పదులు. అందులో ఒక పది మళ్లీ పది బిళ్లలు. ఇప్పుడు చేతిలో నాలుగు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు బిళ్లలు. ఇచ్చేస్తే 315 మిగులుతుంది. మార్చిన ప్రతిసారీ ఆ అంకె కొట్టేసి పైన కొత్తది రాయించండి. మధ్యలో సున్నా ఉన్న లెక్కలతోనే మొదలుపెట్టండి, తప్పు బయటపడేది అక్కడే.

వచ్చే తరగతి పుస్తకాలు ఇప్పుడే మొదలుపెట్టమంటారా?

వద్దు. కావాలంటే పై తరగతి తెలుగు వాచకం పక్కింటి పిల్లల దగ్గర తెచ్చి కథల్లా చదివించండి. పాఠ్యపుస్తకాలు తయారుచేసే రాష్ట్ర సంస్థల (ఎస్‌సీఈఆర్‌టీ) సైట్లలో పుస్తకాలు ఉచితంగానూ దొరుకుతాయి.

సమ్మర్ క్యాంపులకు వేలు పోయాలా?

అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు ఉచితంగా జరుగుతాయి. హైదరాబాద్‌లో పబ్లిక్ గార్డెన్స్ దగ్గరి జవహర్ బాలభవన్, జీహెచ్‌ఎంసీ ఆటల శిబిరాలు నామమాత్రపు ఫీజుకే ఉంటాయి. ఎక్కడ చేర్చినా ముందు మరుగుదొడ్డి, నీళ్లు, ఎంతమందికి ఒక శిక్షకుడు అనేవి చూడండి. పొద్దున తొమ్మిది దాటాక మైదానంలో ఆడించే శిబిరం వద్దే వద్దు.

మధ్యాహ్న భోజనం లేని నెలన్నర ఏం పెట్టాలి?

బడిలో దొరికే గుడ్డు, చిక్కి, రాగిజావ సెలవుల్లో ఆగిపోవడం వల్లే చాలామంది పిల్లలు జూన్‌కి చిక్కిపోయి వస్తారు. రోజు విడిచి రోజు ఒక గుడ్డు, గుప్పెడు పల్లీలు, ఒక గ్లాసు జావ పెడితే లోటు తీరుతుంది. జావకి రెండు పెద్ద చెంచాల రాగిపిండి ముందుగా అర గ్లాసు చల్లటి నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, మరిగే రెండు గ్లాసుల నీళ్లలో పోసి సన్నమంట మీద ఐదారు నిమిషాలు తిప్పాలి. పిండి నేరుగా వేడినీళ్లలో వేస్తే ఉండ కడుతుంది, లోపల పచ్చిగా ఉండి కడుపునొప్పి వస్తుంది. చల్లారాక మజ్జిగ, ఉప్పు.

ఓఆర్‌ఎస్ ఎలా కలపాలి?

పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు, చిన్నది 200 మిల్లీలీటర్లకు. ప్యాకెట్ మీద ఎంత రాసి ఉందో అంత నీళ్లు ఒకేసారి, మొత్తం పొడి. లీటరు ప్యాకెట్ గ్లాసులో కలిపి తాగించడం ప్రమాదం: ఒంట్లో ఉప్పు శాతం పెరిగి విరేచనాలు ఎక్కువవుతాయి, ఫిట్స్ కూడా రావచ్చు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో టీ చెంచాతో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా గోపురంలా కాకుండా తలగొట్టి కొలవండి.

దుకాణాల్లో డబ్బాల్లో వచ్చే తియ్యటి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం అని ఉందా చూడండి.

వడదెబ్బకి పారాసిట్మాల్ వేయొచ్చా?

పనిచేయదు, అది జ్వరానికి మందు. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, మత్తుగా ఉంటే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి నిండా నీళ్లు పోస్తూ విసరాలి. మెడ, చంకలు, గజ్జల దగ్గర తడిగుడ్డలు. స్పృహ సరిగా లేని పిల్లల నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 108కి ఫోన్ చేయండి.

అమ్మమ్మ ఊళ్లో చెరువులో ఈత నేర్పించవచ్చా?

ఈత వచ్చిన పెద్దవాళ్లు చెయ్యి చాచితే అందేంత దూరంలో ఉంటేనే. ఒడ్డున కూర్చుని ఫోన్ చూసుకునే బాబాయి కాపలా కిందికి రాడు. ఇసుక తీసిన నదీగర్భంలో, మట్టి తవ్విన చెరువులో మోకాలి లోతు పక్కనే రెండు నిలువుల గుంట ఉంటుంది. క్వారీ గుంతల్లో గట్టు ఉండదు, పడితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. కాలువ ప్రవాహం వంతెన తూముల దగ్గర లాగేస్తుంది. ఇలాంటి చోట్ల వద్దు. సొరకాయ బుర్ర, టైరు ట్యూబు నేర్చుకోవడానికి సాయమే కానీ రక్షణ కాదు, జారిపోతాయి.

పిల్లలకి ఒక్క మాట పదేపదే చెప్పండి: ఎవరైనా మునుగుతుంటే దూకకు, కేకలు వెయ్యి, కర్ర గానీ చీర గానీ విసురు. ఒకరిని కాపాడబోయి ఇద్దరు, ముగ్గురు పోవడం అలా దూకడం వల్లే.

కుక్క గీరిందని వారం తర్వాత చెప్పాడు. ఇప్పుడు వెళ్లినా ఉపయోగం ఉందా?

ఉంది, ఆ రోజే వెళ్లండి. తిడతారని పిల్లలు దాస్తారు, అందుకే సెలవుల మొదట్లోనే "కుక్క, పిల్లి, కోతి గీరితే చెప్పు, కొట్టం" అని మాటివ్వండి. కరిచిన వెంటనే ధారగా పోసే నీళ్లు, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే టీకా 0, 3, 7, 28 రోజుల్లో. రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యూనోగ్లోబ్యులిన్ కూడా కావాలి, అది ఆ ఆసుపత్రిలో ఉందా అని అడగండి.

ఆటలమ్మ పోస్తే ఊరికి తీసుకెళ్లవచ్చా?

పొక్కులన్నీ ఎండి పక్కు కట్టేదాకా వద్దు, ముఖ్యంగా గర్భిణులున్న ఇంటికి. ఆస్పిరిన్ ఇవ్వకూడదు. ఇంకో సంగతి: పదేళ్లు నిండిన పిల్లలకు ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా టీడీ టీకా ఉంది, పీహెచ్‌సీలో ఉచితం, ఈ సెలవుల్లో వేయించేయండి.

ప్రయాణంలో పిల్లలకు టికెట్ ఎంత?

ఆర్టీసీలో ఐదు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు సగం, రైల్లో బెర్తు వద్దనుకుంటే సగం, కావాలంటే పూర్తి. ఆడపిల్లలకు తెలంగాణలో మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం. అయితే సొంత రాష్ట్రం వరకే, ఆధార్ వెంట ఉండాలి.

బడి తెరిచే ముందు వారం ఏం చేయాలి?

జూన్ ఐదు నుంచే రోజుకు పావుగంట చొప్పున త్వరగా పడుకోబెట్టి, త్వరగా లేపండి. బూట్లు మేలో కొనకండి, జూన్ రెండో వారంలో సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. బొటనవేలి ముందు ఒక వేలు మందం ఖాళీ ఉండాలి. బ్యాగు విషయంలో 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ ఒకటి, రెండు తరగతులకు 1.6 నుంచి 2.2 కిలోలు, మూడు నుంచి ఐదుకి 1.7 నుంచి 2.5 కిలోలు అంటుంది. ఖాళీ బ్యాగు, నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా తూచి చూడండి, చాలాసార్లు పుస్తకం పెట్టకముందే కిలోన్నర దాటుతుంది. స్టీలు సీసా మార్చి, బడిలో నింపుకునే వీలుంటే సగమే నింపి పంపండి.